పేరు చెరిపిన రాయి

"ఆ మూలన నేను చెయ్యి పెట్టలేదక్కా. పెట్టనుగూడా. మా ఇంట్లో ఎవరం పెట్టం."

ఫరీద్ ఆ మాట అనడం అది మూడోసారి. లాకప్పు కమ్మీల అవతల గోడకు వీపు ఆనించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. చేతులకు సున్నం తిన్న మచ్చలు. నలభై ఏళ్ళ మేస్త్రీ. రాత్రంతా నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి గానీ గొంతు మాత్రం వణకడం లేదు.

జ్యోతిర్మయి గడియారం చూసుకుంది. బుధవారం, ఉదయం తొమ్మిదీ పది. మధ్యాహ్నం మూడింటికి ఫరీద్‌ను మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అంతకుముందే, సరిగ్గా పన్నెండింటికి, గురజాల సహోదర సమాజం హాలు మీదికి పొక్లెయిన్ వస్తుంది. హాలు కూలిందంటే ఫరీద్ తప్పు లేదని చెప్పే సాక్ష్యం ఏదన్నా ఉంటే అదీ రాళ్ళతోపాటు లారీ ఎక్కి పోతుంది. ఆమె చేతిలో మూడు గంటలు కూడా లేవు.

జరిగింది చెప్పుకోవడానికి చిన్నదే. సోమవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి సమాజం కార్యదర్శి గోపాలకృష్ణయ్య, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఎప్పటిలాగే హాలుకు వచ్చి బీరువా తెరిచాడు. మినిట్సు పుస్తకం చేతిలోకి తీసుకున్నాడో లేదో, కప్పులోంచి ఆరడుగుల నాపబండ జారి నెత్తిన పడింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. మంగళవారం పదకొండింటికి గుంటూరు నుంచి కృష్ణచైతన్య అనే స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి కప్పు పరీక్షించాడు. రెండింటికల్లా రిపోర్టు ఇచ్చాడు. మే నెలలో మేస్త్రీ ఫరీద్ చేసిన మరమ్మతు నాసిరకం, అందువల్లే బండ సడలింది, కట్టడం మొత్తం కూల్చెయ్యాలి అని. మూడింటికి ఫరీద్‌ను స్టేషనుకు పిలిచారు. నాలుగింటికి అరెస్టు రాశారు.

సమాజం సభ్యురాలు విశాలాక్షి టీచరు ఆ సాయంత్రమే నరసరావుపేటకు ఫోను చేసి జ్యోతిర్మయిని పిలిపించింది. జ్యోతిర్మయికి ముప్పై నాలుగేళ్ళు. ఎనిమిదేళ్ళు ఇన్సూరెన్సు క్లెయిములు పరిశోధించి, రెండేళ్ళ కిందట సొంతంగా ఎంక్వైరీ ఆఫీసు తెరిచింది. మాచర్ల దగ్గర క్వారీలో బండలు కొట్టిన తండ్రికి ఆమె ఒక్కతే కూతురు. ఆ ఇంట్లో డిగ్రీ కాగితం చూసింది కూడా ఆమె ఒక్కతే.

"మేలో ఏం జేశావో తేదీలతో చెప్పు ఫరీద్," అంది.

"రెండో తారీకు మొదలుపెట్టి తొమ్మిదికి ముగించా. ఉత్తరం పక్క పన్నెండు బండల మీద పాత గచ్చు లేపి కొత్త సున్నం గచ్చు పోశా. ఆగ్నేయం మూల జోలికే పోలా. ఆడ బీరువా మీద ఒక రాయుంది. దాన్ని మన చేత్తో ముట్టగూడదని మా తాత మా నాయనకి చెప్పాడు, మా నాయన నాకు చెప్పాడు. ఆ హాలు కట్టిందే మా తాత ఖాదర్ మేస్త్రీ."

"ఎందుకు ముట్టగూడదు?"

"అడిగితే మా నాయన మొహం అదోలా పెట్టేవోడు. ఇంక అడగబుద్ధయ్యేది గాదు."

"సంతకం పెడితే బెయిలు తొందరగా వస్తుందన్నారంట?"

ఫరీద్ మొదటిసారి తలెత్తి సూటిగా చూశాడు. "నా పని నాసిరకమని నా చేత్తో నేనే రాసివ్వాల్నా? జైల్లో ఎయ్యమను అక్కా. అదన్నా మేలు."

వెనక నుంచి బూట్ల చప్పుడైంది. సి.ఐ. ధనుంజయరావు టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దుర్మార్గుడేమీ కాదు. బల్ల మీద కాగితం ఉంటే కాగితాన్నే నమ్మే మనిషి.

"అయిందా అమ్మా ఇంటర్వ్యూ? ఇంజనీరు రిపోర్టు పన్నెండు పేజీలుంది. ఫోటోలున్నాయి. నీ దగ్గర ఏముంది?"

"ఒక మేస్త్రీ మాట."

"దాన్ని ఏ ఫైల్లో పెట్టమంటావు?"

"పెట్టొద్దులెండి. ఆ పన్నెండు పేజీల జిరాక్సు మాత్రం ఇప్పించండి. హాలు సీలు తీయించండి. మీ రిపోర్టు నిజమే అయితే నేను చూసినందువల్ల అది అబద్ధమైపోదు గదా?"

ధనుంజయరావు టీ చివరి గుక్క తాగి గ్లాసు కిటికీలో పెట్టాడు. "నోరు బాగానే ఉంది. పోయి చూసుకో. పదిన్నరకు ఇంజనీర్ని తీసుకుని నేనూ వస్తా. పన్నెండు తర్వాత ఒక్క నిమిషం అడిగినా ఇయ్యను."

*

తొమ్మిదీ యాభైకి కానిస్టేబులు సీలు తీశాడు. హాలు గుమ్మం ఎత్తు నాలుగున్నర అడుగులు. జ్యోతిర్మయి చూసుకోకుండా అడుగు వేసి నుదురు కొట్టుకోబోయింది.

"వంగమ్మా," అంది విశాలాక్షి వెనక నుంచి. డెబ్బై ఒక్క ఏళ్ళ రిటైర్డు టీచరు. కర్ర పట్టుకుంది గానీ దాని మీద ఆనడం లేదు. "కావాలనే అట్లా పెట్టారు. ముప్పై ఆరులో ఇది కట్టినప్పుడు కలెక్టరు దొర వస్తున్నాడు, గుమ్మం పెంచండి అన్నారంట. వంగి రాలేకపోతే బయటే నిలబడమనండి అన్నారంట మనవాళ్ళు."

"వచ్చాడా?"

"వచ్చాడు. వంగే వచ్చాడు."

లోపల వేదిక లేదు, కుర్చీ లేదు. నాలుగు గోడల వెంబడీ ఒకే ఎత్తున రాతి అరుగు. మధ్యలో ఖాళీ నేల. గోడ మీద ఒక్క ఫోటో కూడా లేదు. ఒక వకీలు, ఇద్దరు రైతులు, ఒక కిరాణా కొట్టాయన, ఒక నేతగాడు, ఒక డ్రిల్లు మాస్టారు, ఒక తపాలా జవాను, కట్టిన మేస్త్రీ ఖాదర్. ఎనిమిది మంది కలిసి పెట్టిన సమాజం ఇది. ముందు చేరినవాడు అన్న, వెనక చేరినవాడు తమ్ముడు. వయసుతో పని లేదు, ఆస్తితో పని లేదు. అరుగు ఎక్కడైనా ఒకటే గనక ఎవరు ఎక్కడ కూర్చున్నా పెద్ద, చిన్న తేడా రాదు.

"కప్పులో తొంభై ఆరు బండలున్నాయి," అంది విశాలాక్షి. "చేరిన ప్రతివాళ్ళూ ఒక బండ తేవాలి. రోడ్డు దాకా బండి మీద తెచ్చుకోవచ్చు. అక్కణ్ణుంచి ఇక్కడికి తనూ ఒక భుజం పట్టాలి. నేను డెబ్బై ఎనిమిదిలో చేరాను, మొదటి ఆడదాన్ని. నన్నూ వదల్లేదు. వారం రోజులు మెడ తిరగలేదు."

"పేర్లు?"

"పై పక్క చెక్కుతారు. చెక్కి, దాని మీద గచ్చు పోసేస్తారు. ఎవరి పేరూ ఎవరికీ కనపడదు. కానీ అందరి పేర్ల కిందా అందరం కూర్చుంటాం."

జ్యోతిర్మయి ఆగ్నేయ మూలకు నడిచింది. బీరువా తలుపు ఒకటి వంగి వేలాడుతోంది. కప్పులో రెండడుగుల వెడల్పున ఆరడుగుల ఖాళీ, అందులోంచి ఎండ. కింద పడిన బండను కానిస్టేబుళ్ళు పక్కకు జరిపి గోడకు ఆనించారు. మూడు ముక్కలైంది. మొదటి ముక్కకు నెత్తురు ఎండి నల్లబడి ఉంది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని రెండో ముక్కను తిప్పింది. పై ముఖమంతా అరచేయి మందాన పాత గచ్చు అంటుకుని ఉంది. మధ్యలో మాత్రం ఒక పెచ్చు ఊడిపోయి రాయి బయటపడింది. ఆమె దాని మీద వేళ్ళు ఆడించింది. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు.

నాపరాయి సహజంగా పొరలు పొరలుగా చీలుతుంది. చీలిన ముఖం పలకలాగా నున్నగా ఉంటుంది. పేరు చెక్కితే గీతలు లోతుగా, తిన్నగా దిగుతాయి. ఇక్కడ నున్నదనమూ లేదు, గీతలూ లేవు. మూడు జానల పొడవున, జాన వెడల్పున రాయి మొత్తం సన్న సన్న గుంటలతో గరుకు తేలి ఉంది. గుంట గుంటలోనూ పాత సున్నం గట్టిపడి కూర్చుంది. అంటే ఎవరో సూది ఉలితో ఓపిగ్గా పొడిచి పొడిచి పైముఖం లేపేశారు. ఆ తర్వాతే దాని మీద మళ్ళీ గచ్చు పోశారు.

"టీచరుగారూ, ఈ రాయికి పేరు లేకపోవడం కాదు. ఉన్న పేరు చెరిపారు."

విశాలాక్షి కర్రను రెండు చేతులతో పట్టుకుంది. "తొంభై ఆరింట్లో అదొక్కటే అట్లాంటిది," అంది.

"ఎవరిది?"

బయట జీపు ఆగిన చప్పుడైంది. ధనుంజయరావు గొంతు, దాని వెనక ఇంకో గొంతు. జ్యోతిర్మయి లేచి చేతులు దులుపుకుంది.

"ఆ సంగతి ఇప్పుడొద్దు. నేను అడిగినప్పుడు చెప్పండి. ఎవరి ముందు అడిగినా సరే, ఒక్క ముక్క దాచకుండా చెప్పండి."

"దాచడానికి మేమేం దొంగతనం చెయ్యలేదమ్మా," అంది విశాలాక్షి.

*

కప్పు మీదికి దారి లోపల్నుంచి లేదు. వెనక గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్లే దారి. వెనక సందులో నడిచే ఎవరైనా ఎక్కొచ్చు. పోలీసులు ముందు గుమ్మానికి సీలు వేసి ఈ మెట్ల సంగతి మర్చిపోయారు. జ్యోతిర్మయి ఆ మాట అనగానే ధనుంజయరావు గొంతు సవరించుకున్నాడు.

కృష్ణచైతన్యకు ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. తెల్ల హెల్మెట్టు, చేతిలో ట్యాబు. మెట్లు చకచకా ఎక్కేశాడు.

"మేడమ్, మీరు క్లెయిములు చూసేవారంట కదా. బైకు యాక్సిడెంట్లూ, కాలిపోయిన పత్తి గోడౌన్లూ. ఇది స్ట్రక్చర్. లోడ్ బేరింగ్ అంటే ఏమిటో ఎవరైనా చెప్పారా మీకు?"

"మా నాన్న చెప్పాడండీ. బండ ఏ చివర కూర్చుందో చూసుకోకుండా కింద నిలబడితే చస్తావే అన్నాడు. అదేనా, ఇంకేమైనా ఉందా?"

ధనుంజయరావు నవ్వు ఆపుకోవడానికి మీసం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఆమె ఉత్తరం వైపు వెళ్ళి నిలబడింది. అక్కడ గచ్చు తెల్లగా, కొత్తగా ఉంది. లెక్కపెడితే పన్నెండు బండల మేర. "సి.ఐ. గారూ, ఇది ఫరీద్ చేసిన పని. రంగు చూడండి." అక్కణ్ణుంచి ఆగ్నేయ మూలకు నడిచి వంగింది. "ఇది బండ పడిన చోటు. అంచులు చూడండి. నల్లగా నాచు పట్టిన పాత గచ్చు. ఎవరూ యాభై ఏళ్ళుగా ముట్టనిది. ఇక్కడ ఫరీద్ మరమ్మతు చేశాడని రిపోర్టులో మూడో పేజీలో ఎట్లా రాశారు ఇంజనీరుగారూ?"

"అటువైపు పనిచేస్తే ఆ వైబ్రేషన్ ఇటు వస్తుంది. నీళ్ళు దిగుతాయి. రెండు దూలాల మీద నాలుగేసి అంగుళాల ఆనికతో నిలబడిన బండలివి. ఒక్కటి సడలితే అన్నీ సడలతాయి." కృష్ణచైతన్య ఏమాత్రం తొణకలేదు. "రుజువు కావాలా? రండి. నిన్న ఒక్కటే. రాత్రి వానకు ఇంకోటి కదిలింది."

ఖాళీకి నాలుగు బండల అవతల చూపించాడు. నిజమే. అక్కడ గచ్చు పగిలి, కింద బండ ఒక చివర దూలం మీంచి జరిగి, వేలెడు ఆనికతో నిలబడి ఉంది. ధనుంజయరావు రెండడుగులు వెనక్కి వేశాడు.

"చూశావా అమ్మా? అన్యాయంగా ఇంకో మనిషి పొయ్యేవాడు. పన్నెండు దాకా ఎందుకు, ఇప్పుడే మొదలెట్టిస్తే పోలా?"

ఆ మాట అన్నాడో లేదో కింద సందు మొదట్లో ఇంజను రొద మొదలైంది. పసుప్పచ్చ పొక్లెయిన్ లారీ మీంచి దిగుతోంది. టైము పదకొండూ పది.

"నేనే ముందు రమ్మన్నా," అన్నాడు కృష్ణచైతన్య. "వెనక గోడ నుంచి మొదలుపెడతారు. దిగండి మేడమ్."

జ్యోతిర్మయి దిగలేదు. గట్టిగా ఉన్న పక్క బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏందమ్మా ఇది? ధర్నానా?" అన్నాడు ధనుంజయరావు.

"మీరు పన్నెండు దాకా అన్నారు. ఇంకా యాభై నిమిషాలుంది. మీ మాట మీదే కూర్చున్నా. మీరు ఇచ్చిన టైమును ఆయన వెనక్కి తీసుకుంటే, ఇక్కడ సి.ఐ. ఎవరో ముందు తేల్చండి."

ధనుంజయరావు మొహం ఎర్రబడింది. ఇంజనీరు వైపు చూశాడు, పొక్లెయిన్ వైపు చూశాడు. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి అరిచాడు. "ఒరేయ్, ఇంజను ఆపు! నేను చెప్పిందాకా ఎవడన్నా రాడ్డు కదిపితే మిషను స్టేషన్లో ఉంటది."

రొద ఆగింది. ఆ నిశ్శబ్దంలో జ్యోతిర్మయి వంగి మొదటి ఖాళీ అంచున ఉన్న సున్నం పొడిని గోటితో గీకింది. రాలేదు. అట్టు కట్టినట్టు గట్టిపడి గచ్చుకు అతుక్కుపోయింది.

"నిన్న సాయంత్రం వాన ఎప్పుడు పడింది సి.ఐ. గారూ?"

"ఆరింటికి మొదలైంది. ఏడూ పదికి తెరిపిచ్చింది. మా బట్టలన్నీ తడిసినై."

"సున్నం పొడి తడిసి ఆరితే ఇట్లా పట్టేస్తుంది. ఇది సోమవారమో, అంతకుముందో రాలిన పొడి. వాన తిన్నది." ఆమె జరిగి రెండో బండ దగ్గర కూర్చుంది. దాని చుట్టూ కూడా తెల్లపొడి ఉంది. వంగి, నోటితో ఊదింది. పొడి పొగలాగా లేచి ధనుంజయరావు ఖాకీ ప్యాంటు మీద వాలింది. "ఇది తడవనే లేదు. వాన వెలిసి, గచ్చు ఆరాక రాలిన పొడి. ఈ అంచు చూడండి, మూడు చోట్ల గడ్డపార కరిచిన గుర్తు. వానకు గడ్డపార ఉండదు గదా?"

ధనుంజయరావు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తానూ ఒకసారి ఊదాడు. పొడి లేచింది.

"నిన్న పదకొండుంబావుకు ఇంజనీరుగారు తీసిన ఫోటో నాలుగో పేజీలో ఉంది," అంది ఆమె జిరాక్సు విప్పి. "ఈ చోటే. గచ్చుకు బీట కూడా లేదు. ఏడూ పది తర్వాత, ఈ పొద్దుటి లోపల ఎవడో ఎక్కి ఈ బండను పెకలించాడు. ఆ టైములో ఫరీద్ ఎక్కడున్నాడు?"

సి.ఐ. ప్యాంటు మీది పొడి దులుపుకుంటూ లేచాడు. "నా లాకప్పులో," అన్నాడు.

"ఇది వేరే ఎవడో ఆకతాయి పని అయ్యుండొచ్చు," అన్నాడు కృష్ణచైతన్య. "మొదటి బండకూ దీనికీ సంబంధం ఏముంది?"

"అదీ అడగాల్సిన మాటే. కిందికి పోదాం రండి. మొదటి బండ ఎవరిదో ముందు తెలుసుకుందాం."

*

పదకొండూ నలభై. విశాలాక్షి అరుగు మీద కూర్చుని ఉంది. ధనుంజయరావు టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కృష్ణచైతన్య గుమ్మం దగ్గరే ఆగి ట్యాబులో ఏదో చూసుకుంటున్నాడు. జ్యోతిర్మయి అతని వైపు తిరగకుండా అడిగింది.

"ఇప్పుడు చెప్పండి టీచరుగారూ. ఆ పేరు ఎవరిది, ఎందుకు చెరిపారు?"

"రాఘవయ్యగారిది. ఎనభై ఎకరాల రైతు. ఏటా వార్షికోత్సవం రోజున అందరం ఇక్కడే ఒక పంక్తిలో భోంచేస్తాం. వడ్డన వంతు ఏడాదికి ఒకరిది. డెబ్బై రెండులో ఖాదర్ మేస్త్రీకి వచ్చింది. నేనప్పటికి చేరలేదు, గోపాలకృష్ణయ్య అన్నయ్య చెప్పాడు. ఖాదర్ అన్నం గరిటె ఎత్తగానే రాఘవయ్యగారు విస్తరి మడిచి లేచాడంట. ఆ చేత్తో పెడితే నేను తినను అన్నాడంట."

"అప్పుడు?"

"మూడుసార్లు అడిగారు. ఒక్క ముద్ద తినండి చాలు అన్నారు. వినలేదు. నియమం ఉంది. పంక్తిలోంచి లేచినవాడి పేరు కప్పులో ఉండకూడదు. అందరికన్నా చివర చేరినవాడు పైకెక్కి చెరపాలి. ఆ చివరివాడు గోపాలకృష్ణయ్య అన్నయ్య. ఇరవై ఐదేళ్ళవాడు. రెండు గంటలు పట్టిందంట. రాఘవయ్యగారు పోకుండా, ఇదిగో ఇక్కడే నిలబడి ఆ సుత్తి చప్పుడంతా విన్నాడంట. పక్కన పన్నెండేళ్ళ కూతురు ఆయన పంచె పట్టుకుని ఏడుస్తూ ఉందంట. ఆ ఏడే పొలాలు అమ్మేసి ఊరొదిలి పోయారు. బీరువాను ఆ రాయి కిందికి జరిపింది తర్వాత. పుస్తకం తీసినప్పుడల్లా మనకూ గుర్తుండాలని."

కృష్ణచైతన్య ట్యాబు మీద వేలు కదలడం లేదు. జ్యోతిర్మయి అది చూసింది.

"తొంభై ఆరు బండల్లో గోపాలకృష్ణయ్యగారి నెత్తిన పడింది ఆయన చేత్తో ఆయన పొడిచిన బండే," అంది నెమ్మదిగా. "దానంతటది పడలేదు. ఏరుకుని మరీ తోశారు. సరే, టీచరుగారూ, ఆయన ఆ రోజు పుస్తకం ఎందుకు తీశాడో మీకు తెలుసా?"

"తెలియకేం. తీర్మానం రాయడానికి." విశాలాక్షి కర్రను అరుగుకు ఆనించింది. "ఈ ఏడు మొదట్లో అన్నయ్య మమ్మల్ని కూర్చోబెట్టాడు. తప్పు చేసింది రాఘవయ్య, సుత్తి పట్టింది నేను, ఆ పిల్ల ఏం జేసింది అన్నాడు. యాభై మూడేళ్ళుగా ఆ పిల్ల ఏడుపు వినపడుతూనే ఉందమ్మా అన్నాడు. ఆ పేరు మళ్ళీ చెక్కుదాం, వాళ్ళ పిల్లలెవరైనా ఉంటే వెతికి పిలుద్దాం అన్నాడు. మిగిలిందే ఏడుగురం. ఏడుగురం ఒప్పుకున్నాం. అవమానం పడింది ఖాదర్ మేస్త్రీ గనక ఫరీద్‌ను కూడా అడుగుదాం, ఆ కుటుంబం సరేనంటేనే అనుకున్నాం. సోమవారం అది రాయడానికే వచ్చాడు."

"అబద్ధం."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. కృష్ణచైతన్య హెల్మెట్టు తీసేశాడు. నుదుటి మీద చెమట.

"అబద్ధం! నాతో ఆ మాట అనలేదు. ఆ రాయి ఎవరిదని నేనే అడిగా. 'తప్పు చేసినవాడిది' అన్నాడు. అంతే. ఇంకొక్క ముక్క అనలేదు. మొహం తిప్పుకుని పోయాడు."

ధనుంజయరావు టోపీ నెమ్మదిగా నెత్తిన పెట్టుకున్నాడు.

"ఎప్పుడడిగారు సార్?"

కృష్ణచైతన్య ట్యాబు మూసి గుమ్మం వైపు తిరిగాడు.

"మీరు ఈ హాలుకు మొట్టమొదట వచ్చింది మంగళవారం పదకొండింటికి అని మీ రిపోర్టులో మొదటి పేజీలోనే ఉంది. దాని కింద మీ సంతకం ఉంది. అప్పటికి ఆ పెద్దాయన మార్చురీలో ఉన్నాడు. ఎప్పుడడిగారు?" అంటూ సి.ఐ. వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అక్కణ్ణుంచే స్టేషనుకు ఫోను కలిపాడు. "ఆఁ, నేనే. ఫరీద్‌ని లాకప్పులోంచి బయటికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టు. కుర్చీలో అన్నా. సంతకాలేం వద్దు. కోర్టుకు నేనొచ్చి చెప్తా."

జ్యోతిర్మయి కృష్ణచైతన్యకు ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె గొంతులో గెలుపు లేదు.

"ఆ పన్నెండేళ్ళ పిల్ల మీకేమవుతుంది?"

అతను చూపు తిప్పుకున్నాడు. కప్పులో ఖాళీలోంచి పడుతున్న ఎండ వైపు, గోడకు ఆనించిన మూడు ముక్కల వైపు.

"మా అమ్మ," అన్నాడు. "ఆ రాయి ఏ మూలనుందో నాకు చెప్పింది ఆమే. చచ్చిపోయేదాకా సుత్తి చప్పుడు వింటే చెవులు మూసుకునేది. మా వీధిలో ఎవరిల్లు కట్టినా మేం ఇల్లు మారేవాళ్ళం."

"ఆ రాయి గురించి ఆయన్ని అడిగినప్పుడు, మీరెవరో చెప్పారా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

విశాలాక్షి కర్ర మీద బరువంతా వేసి లేచింది. అతని దగ్గరికి నడిచి వెళ్ళి, అతని మొహంలోకి, ఎవరివో పోలికలు వెతుకుతున్నట్టు చూసింది.

"పరాయివాళ్ళకు ఇంట్లో మాట చెప్పే మనిషి కాదు మా అన్నయ్య," అంది. "నేను రాఘవయ్య మనవణ్ణి అని ఒక్క మాట అని ఉంటే, నీ చేతికే ఉలి ఇచ్చేవాడు నాయనా."